క్రీట్ ద్వీపయాత్ర: ఎండ, సముద్రం, రహదారుల విషయంలో తెలుసుకోదగిన జాగ్రత్తలు

మధ్యధరా సముద్రంలోని ద్వీపాలలో విస్తీర్ణాన్ని బట్టి సిసిలీ, సార్డీనియా, సైప్రస్, కోర్సికాల తరువాత ఐదవ స్థానం క్రీట్‌ది. ఇది గ్రీసు దేశపు దక్షిణపు అంచు. తూర్పు పడమరలుగా సుమారు 260 కిలోమీటర్ల పొడవున్న ఈ ద్వీపం ఉత్తర దక్షిణాలుగా ఎక్కడా 60 కిలోమీటర్లను మించదు. నడుమ 2,456 మీటర్ల ఎత్తైన ప్సిలోరితిస్ శిఖరం, ఉత్తర తీరాన హెరాక్లియోన్, రెథిమ్నో, ఖనియా పట్టణాలు, దక్షిణాన కొండల కిందుగా చిన్న చిన్న పల్లెలు ఉన్నాయి. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాలలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు, తమను చూడవచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వేసవిలో వారం పదిరోజులు ఇటువంటి ద్వీపాలకు వెళ్లడం ఇప్పుడు అరుదైన సంగతి కాదు. పల్లె విడిచి ఎన్నడూ దూరం వెళ్లని పెద్దలు కూడా అలా ఒకనాడు క్రీట్ తీరాన నిలబడుతున్నారు.

అక్కడ ప్రాణాలమీదికి తెచ్చే విషయాలు ఎరుగనివేమీ కావు. ఎండ, నీరు, రోడ్డు అనే మూడే ప్రధానమైనవి. మూడూ మన పెద్దలకు పుట్టినది మొదలు పరిచయమైనవే. అయితే ఇంటివద్ద నేర్చిన లెక్కలు అక్కడ సరిపోవు. ఎండ ఎరిగినవాడే గొడుగు లేకుండా బయలుదేరుతాడు. ఏటిలో ఈదినవాడే సముద్రాన్ని తేలికగా తీసుకుంటాడు. అందుచేత ఏ లెక్క ఎక్కడ తప్పుతుందో ముందుగా తెలుసుకొని వెళ్లడం అవసరం.

ఎండ

2024 జూన్‌లో గ్రీసును, ఆ దేశంలో అంతకుముందెన్నడూ నమోదు కానంత ముందుగా ఒక వడగాడ్పు తాకింది. పలుచోట్ల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. జూన్ 5వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర వేళ బ్రిటన్‌లో టెలివిజన్ ద్వారా ఆరోగ్య విషయాలు బోధిస్తూ ప్రసిద్ధుడైన వైద్య విద్యావంతుడు మైకేల్ మోస్లీ, సిమీ అనే చిన్న ద్వీపంలో సముద్రతీరం నుండి బసకు కాలినడకన బయలుదేరాడు. ఆయన వయస్సు 67 సంవత్సరాలు. చేతిఫోను వెంట లేదు. కొండబాటలో దారి తప్పాడు. నాలుగు రోజుల వెతుకులాట తరువాత జూన్ 9న మరొక తీరాన, జనం కూర్చునే ఫలహారశాలకు పిలుపు దూరంలో ఆయన దేహం కనిపించింది. మరణానికి కారణం నిశ్చయంగా తేలలేదు. వడదెబ్బ గానీ, గుర్తింపబడని మరొక శారీరక కారణం గానీ అయి ఉండవచ్చునని బ్రిటన్‌లోని విచారణాధికారి అదే సంవత్సరం డిసెంబరులో నిర్ణయించారు. అదే జూన్ నెలలో సామోస్, మథ్రాకి ద్వీపాలలో కూడా నడకకు వెళ్లిన విదేశీయులు విగతజీవులై కనిపించారు. ఆరోగ్య సూత్రాలు ఇతరులకు చెప్పగలిగినవారికే ఇలా జరిగినప్పుడు ఎండ తమకు అలవాటేనన్న ధీమా ఎవరికీ తగదు.

రాయలసీమలో, బళ్లారి ప్రాంతంలో, తెలంగాణ పల్లెలలో 44 డిగ్రీల ఎండ చూచినవారికి క్రీట్‌లోని 36 డిగ్రీలు చల్లగానే తోచవచ్చు. నిజానికి మన పల్లెవాసి ఎండకు తట్టుకొనేది ఒంటి బలంతో మాత్రమే కాదు, దినచర్యతో కూడా. తెల్లవారుజామున పొలానికి వెళ్లి, పది పదకొండు గంటలకు ఇల్లు చేరి, మజ్జిగ తాగి, నీడన నడుము వాల్చి, పొద్దు వాలిన తరువాత మళ్లీ బయటికి వస్తాడు. సెలవులకు వెళ్లినవారు ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తారు. పొద్దెక్కి లేచి, హోటలువారు పెట్టిన అల్పాహారం ఆలస్యంగా ముగించి, సరిగ్గా ఎండ ముదిరే వేళకు శిథిలాలు చూడబోతారు. క్నోసోస్ రాజప్రాసాదపు ఆవరణలో చెట్ల నీడ కొద్దిగానే ఉంటుంది. పూర్వం కుష్ఠురోగులను ఉంచిన స్పినాలోంగా దీవిలో అదీ తక్కువే. 1903 నుండి 1957 వరకు రోగుల నివాసంగా ఉన్న ఆ రాతికోటను చూడదలచినవారు ఉదయపు మొదటి పడవలోనే వెళ్లడం మేలు.

గడియారం కూడా మోసగిస్తుంది. వేసవిలో గ్రీసు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. అందువల్ల జూన్ నెలలో క్రీట్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, సుమారు ఒంటిగంట ఇరవై నిమిషాలకు. భూమి, రాళ్లు వేడెక్కి సెగలు కక్కేది మూడు నాలుగు గంటల మధ్య. పొద్దు గూకేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. సాయంత్రం అయిదయింది గదా, ఇక ఫరవాలేదని బయలుదేరినవారు మన లెక్కన మూడున్నర ఎండలో నడుస్తున్నట్లే. పన్నెండు మొదలు అయిదున్నర వరకు నీడపట్టున ఉండడం క్షేమం. స్థానికులు చేసేది కూడా అదే. ఆ వేళ పల్లెవీథులు నిర్మానుష్యంగా ఉంటాయి.

ఇంకొక చిక్కు గాలి. కోస్తా జిల్లాలలో, యానాంలో, గంజాం ప్రాంతంలో ఉక్కపోతకు చెమట కారి బట్టలు తడుస్తాయి. ఒంట్లో నీరు పోతున్నదని మనిషికి తెలుస్తుంది. క్రీట్‌లో పొడిగాలి చెమటను పుట్టినది పుట్టినట్లే ఆరబెడుతుంది. చర్మం పొడిగా, హాయిగా ఉంటుంది. నీరు మాత్రం పోతూనే ఉంటుంది. కనుక దప్పిక వేసేవరకు ఆగరాదు. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీరు చాలినట్లు, చిక్కని పసుపులోకి మారితే చాలనట్లు లెక్క. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కొన్ని ఇంటినుండే తీసుకొనిపోవచ్చు. అవి అయిపోతే ఒక లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపితే సరిపోతుంది. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు. మజ్జిగకు అలవాటుపడిన ప్రాణాలకు అక్కడి దుకాణాలలో అరియాని అనే ఉప్పు వేసిన పెరుగు పానీయం సీసాలలో దొరుకుతుంది.

నల్లని మేనికి ఎండ ఏమీ చేయదన్న నమ్మకం సగమే నిజం. చర్మపు రంగు కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. నీటిమీద, తెల్లని గోడలమీద పడి తిరిగివచ్చే ఎండకు మనవారి ముఖాలు, భుజాలు కూడా కమిలిపోతాయి. పొడుగుచేతుల నూలు వస్త్రాలు, వెడల్పు అంచు గల టోపీ లేదా తలగుడ్డ, గొడుగు తీసుకువెళ్లాలి. గొడుగు వేసుకొని నడిచేవారిని చూచి అక్కడివారు వింతపడితే పడనివ్వవచ్చు.

వడదెబ్బను గుర్తించడం తెలిసి ఉండాలి. తలనొప్పి, వికారం, కాళ్లు పీకడం, నీరసం మొదటి సూచనలు. ఈ దశలో నీడకు చేర్చి, పడుకోబెట్టి, నీరు తాగించి, తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలామంది అరగంటలో తేరుకుంటారు. మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణాపాయ స్థితి. చెమట పోస్తూ ఉన్నా సరే, ఆగినా సరే. వెంటనే 112కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా ఒంటినిండా నీళ్లు పోస్తూ విసరుతూ ఉండాలి. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్రలు ఈ వేడిని తగ్గించవు.

సమారియా లోయ

క్రీట్ వెళ్లినవారిలో కాళ్లు గట్టిగా ఉన్నవారందరికీ సమారియా లోయ నడవాలని ఉంటుంది. 1962లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడిన ఈ లోయ పడమటి కొండలలో సుమారు 1,230 మీటర్ల ఎత్తున జిలోస్కాలో అనేచోట మొదలై, దక్షిణాన ఆయియా రూమెలి పల్లె వద్ద సముద్రాన్ని చేరుతుంది. మొత్తం నడక 16 కిలోమీటర్లు. సాధారణంగా మే నుండి అక్టోబరు వరకు తెరచి ఉంటుంది. వాన సూచన ఉన్న రోజులలో, మరీ తీవ్రమైన ఎండ రోజులలో మూసివేస్తారు.

దారి అంతా దిగుడే గదా అని మోకాళ్ల నొప్పులవారు సాహసిస్తారు. ఎక్కుడుకంటె దిగుడే మోకాళ్లకు శత్రువు. మొదట ఉదయం చల్లగా ఉంటుంది, స్వెట్టరు వేసుకోవలసినంత. నాలుగైదు గంటలు నడిచి అలసిన తరువాత, ఎండ ముదిరిన వేళ, రాళ్లు కాలుతున్నచోట చివరి భాగం వస్తుంది. మధ్యలో వాహనమార్గం లేదు. కాలు మడతపడినవారిని కంచరగాడిదపైనో, మోసుకొనో తేవాలి. చివరనున్న ఆయియా రూమెలికి కూడా రోడ్డు లేదు. అక్కడినుండి సూగియా వైపుగానీ, స్ఫాకియా వైపుగానీ పడవలోనే పోవాలి. సాయంత్రపు పడవ తప్పితే ఆ రాత్రి ఆ పల్లెలోనే గడపాలి. అందుచేత తెరవగానే లోయలో అడుగుపెట్టడం, చెప్పులు కాకుండా గట్టి అడుగున్న బూట్లు తొడగడం, దారిలోని ఊటల వద్ద సీసాలు నింపుకోవడం తప్పనిసరి. గుండెజబ్బు, మోకాలినొప్పి ఉన్న పెద్దలకు మరొక మార్గముంది. పడవలో ఆయియా రూమెలికి వచ్చి, కిందివైపునుండి లోయలోకి కొద్దిదూరం వెళ్లి, సన్నని రాతిద్వారం వంటి ఇరుకుదారిని చూచి తిరిగిరావచ్చు. లోయలో అందమైన భాగం అదే.

సముద్రం

యానాం వద్ద గోదావరిని, కాకినాడ, గోపాల్‌పూర్ తీరాలలో బంగాళాఖాతాన్ని చూచినవారికి సముద్రమంటే అలల హోరు, ఆటుపోట్లు. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు దాదాపు కనిపించవు. నీలాలు పరచినట్లు నిశ్చలంగా ఉంటుంది. ఈ నిశ్చలతలోనే ప్రమాదం దాగి ఉంది. అక్కడ చూడవలసినది అలను కాదు, గాలిని.

జులై, ఆగస్టు నెలలలో ఏజియన్ సముద్రం మీదుగా ఉత్తరపు గాలి బలంగా వీస్తుంది. దానిని మెల్తెమి అంటారు. ఒక్కొక్కసారి రోజుల తరబడి వీస్తుంది. క్రీట్ ఉత్తర తీరంలో అది అలలను లేపుతుంది గనుక జనం జాగ్రత్తపడతారు. దక్షిణ తీరంలో మాత్రం గాలి కొండలమీదుగా దిగి నేలనుండి సముద్రంవైపు వీస్తుంది. ఒడ్డున నీరు అద్దంలా ఉంటుంది. పిల్లలు గాలి నింపిన రబ్బరు చక్రంమీదనో, తెప్పమీదనో కూర్చొని ఆడుకుంటూ ఉండగా గాలి నెమ్మదిగా లోపలికి తోస్తుంది. తల్లిదండ్రులు తల తిప్పి చూచేసరికి యాభై గజాల దూరం. కాళ్లు అందని లోతు. అక్కడినుండి ఎదురుగాలికి తెప్పను ఒడ్డుకు తేవడం గజ ఈతగానికీ కష్టం. దక్షిణాన ఆ పైన ఆఫ్రికా వరకు ఉన్నదంతా లిబియా సముద్రమే. గాలి నింపిన ఆటవస్తువులు ఈతకొలనులో వాడుకోదగినవి. గాలి వీచేరోజున సముద్రంలో వాడరాదు. పిల్లలు ఎంత లోతులో ఉన్నారన్న మాట అలా ఉంచి, పెద్దవారొకరు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఫోను చూడకుండా ఉండాలి.

ఏదైనా తీరాన గాలిపడవ కొట్టుకుపోతే దానికోసం ఈదబోవడం మహాప్రమాదం. పోతే పోయిందనుకోవాలి. మనిషి కొట్టుకుపోతే 112కు గానీ, గ్రీసు తీరరక్షక దళపు నంబరు 108కు గానీ వెంటనే చెప్పాలి. మన రాష్ట్రాలలో 108 అంబులెన్సు నంబరు. అక్కడ అది సముద్రపు నంబరు. అంబులెన్సుకు నేరుగా అయితే 166.

కావలివారున్న తీరాలలో జెండాలు ఎగురవేస్తారు. ఎర్రజెండా ఉంటే నీటిలో దిగరాదు. పసుపు ఉంటే జాగ్రత్త. ఆకుపచ్చ అయితే సాధారణ స్థితి. నీలిజెండా సంగతి వేరు. అది తీరపు శుభ్రతకు, సదుపాయాలకు ఇచ్చే గుర్తింపు. ఆనాటి నీటి పరిస్థితిని చెప్పదు. చాలా తీరాలలో జెండాలూ ఉండవు, కావలివారూ ఉండరు. అలలున్నచోట ఒడ్డునుండి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే, ఒడ్డువైపు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం పక్కకు ఈది, లాగుడు తగ్గిన తరువాత ఒడ్డువైపు తిరగాలి. ఈత రానివారు చేయగలిగింది మొలలోతు దాటకపోవడమే.

మన స్త్రీలు చీరతోనో, చుడీదారుతోనో నీటిలో దిగుతారు. తడిసిన చీర బరువు కాళ్లకు చుట్టుకొని పడదోస్తుంది. మోకాలి లోతు దాటదలచినవారు ఒంటికి పట్టి ఉండే, పొడుగుచేతుల ఈతదుస్తులు కొనుక్కోవచ్చు; మర్యాదకు భంగం లేదు, ఎండనుండీ రక్షణ. మే నెలలో వెళ్లేవారికి ఇంకొక మాట. పైన ఎండ మండుతున్నా అప్పటి నీరు సుమారు 20 డిగ్రీలే. బంగాళాఖాతపు వెచ్చదనం అక్కడ ఉండదు. ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. గుండెజబ్బువారికి అది మంచిది కాదు. మెల్లగా దిగి, ముఖం, మెడ తడుపుకొన్న తరువాతనే ముందుకు పోవాలి. రాళ్లపైనుండి తలక్రిందులుగా దూకడం మెడ విరగడానికి దారి.

నీటిలోని జీవులు చంపేవి చాలా తక్కువ, బాధించేవి కొన్ని. రాళ్లమధ్య నల్లని ముళ్లబంతులవంటి ప్రాణులుంటాయి. కాలు పెడితే ముళ్లు విరిగి లోపల దిగుతాయి. ఇసుకలో దాగి ఉండే ద్రాకెనా అనే చేప వీపుముల్లు గుచ్చుకుంటే నొప్పి దుర్భరం. నీటిలో రబ్బరు చెప్పులు, చుట్టూ మూసి ఉన్నవి, వేసుకుంటే ఈ రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి. ద్రాకెనా ముల్లు గుచ్చుకున్న కాలును చర్మం కాలనంత వేడినీటిలో అరగంటకు పైగా ఉంచితే విషం చెడి నొప్పి తగ్గుతుంది. జెల్లీ చేప తగిలితే సముద్రపు నీటితోనే కడగాలి. మంచినీరు పోయరాదు, ఇసుకతో రుద్దరాదు. అంటుకొన్న పోగులను కార్డు అంచుతో గీకి తీసివేయాలి. మూత్రం పోయాలన్నది సినిమాలు నేర్పిన వైద్యం.

ఇక్కడ మనవైపునుండి వలసపోయిన చుట్టాల ప్రస్తావన కొంత అవసరం. 1869లో సూయజ్ కాలువ తెరచిన తరువాత ఎర్రసముద్రపు, హిందూమహాసముద్రపు చేపలు క్రమంగా మధ్యధరాలోకి చేరాయి. వాటిలో ఒకటి సింహపుచేప. దాని ఈకలవంటి ముళ్లలో విషముంది. ఇంకొకటి పొట్టను బంతిలా ఉబ్బించే చేప, గ్రీకులో లాగోకెఫాలోస్. దాని మాంసంలోని విషం వండినా పోదు, విరుగుడు మందు లేదు. అమ్మకం నిషిద్ధం. గాలానికి పడినా, జాలరి ఉచితంగా ఇచ్చినా తినరాదు.

రహదారి

గ్రీసులో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఈ ఒక్క సంగతివల్ల కాలినడకవారికి కూడా ముప్పు ఉంది. మనదేశంలో రోడ్డు దాటేటప్పుడు కళ్లు అలవాటుగా ముందు కుడివైపు చూస్తాయి. అక్కడ ముందుగా మీదికి వచ్చే వాహనం ఎడమనుండి వస్తుంది. పెద్దలకు ఇది నోటితో చెబితే చాలదు. మొదటి రెండు రోజులు చేయి పట్టుకొని దాటించాలి. చారల గుర్తు ఉన్నదిగదా అని వాహనం ఆగుతుందనుకోరాదు.

కారు అద్దెకు తీసుకొనేవారికి భారతీయ లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టు ఉండాలి. స్వస్థలపు రవాణా కార్యాలయంలో ఇస్తారు. ఒక సంవత్సరం చెల్లుతుంది. అది లేకుండా బండి ఇచ్చే దుకాణదారులు లేకపోలేదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది అదే. ఉత్తర తీరపు ప్రధాన రహదారిలో నెమ్మదిగా పోయే వాహనాలు కుడి అంచుగీత దాటి పక్కకు జరిగి వెనుకవారికి దారి ఇవ్వడం అక్కడి ఆచారం. మలుపులలో ఇది ప్రాణాంతకం. అంచున నడిచే మనిషో, ఆగిన బండో ఉండవచ్చు. కొండదారులలో మేకలమందలు నడిరోడ్డున పడుకొంటాయి. ఇది మాత్రం మనవారికి కొత్త కాదు.

ఊరిలో మోటారుసైకిలు నడిపినవారికి స్కూటరు, నాలుగు చక్రాల బండి అద్దెకు తీసుకోవాలనిపిస్తుంది. చెప్పులు, నిక్కరు, హెల్మెటు చేతికి తగిలించడం, వెనుక ఇద్దరు పిల్లలు, కంకర మలుపు. ఫలితం ఊహించవచ్చు. ఆ నాలుగు చక్రాల బండి నిలకడగా కనబడుతుందే తప్ప వాలుమీద తేలికగా తిరగబడుతుంది. పైగా చాలా ప్రయాణబీమాలు వీటి ప్రమాదాలకు సొమ్ము చెల్లించవు.

మందులు, బీమా, వైద్యుడు

షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. వీసాకోసం అతి చౌకదానిని కొని, కాగితం పెట్టె అడుగున పెట్టేవారే ఎక్కువ. పాత జబ్బులకు, అంటే చక్కెరవ్యాధి, రక్తపోటు, గుండెజబ్బులవల్ల వచ్చిన ఆపదకు అది వర్తిస్తుందా లేదా అన్నది కొనకముందే చదవాలి. కొడుకుకు జర్మనీలో ఆరోగ్యబీమా ఉన్నంతమాత్రాన చూడవచ్చిన తల్లిదండ్రులకు అది వర్తించదు. బీమా సంస్థ ఫోను నంబరు, పాలసీ సంఖ్య, వాడే మందుల అసలు పేర్లు, పడని మందులు ఒక కాగితంమీద ఇంగ్లీషులో రాసి పెద్దల జేబులో ఉంచాలి. ఫోనులో ఉంటే చాలదు. ఫోను సముద్రంలో పడవచ్చు, దాని బ్యాటరీ అయిపోవచ్చు.

మాత్రలు వాటి సొంత పెట్టెలలో, వైద్యుని చీటీతో సహా, చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ను విమానపు అడుగు సరుకులలో వేయరాదు, గడ్డకట్టి చెడిపోతుంది. ఎండలో నిలిపిన కారులో ఉంచినా చెడుతుంది. రక్తపోటుకు మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవారికి ఎండలో నీరు త్వరగా తగ్గుతుంది. మాత్ర తమంతట తాము మానరాదు. ప్రయాణానికి ముందే తమ డాక్టరును అడగాలి. గ్రీసు గడియారం వేసవిలో మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఇన్సులిన్ వేళలు సర్దుకోవడం కూడా అప్పుడే అడగవచ్చు.

మందుల దుకాణానికి గుర్తు ఆకుపచ్చ శిలువ, పేరు ఫార్మకీయో. రాత్రిపూట, ఆదివారాలలో వంతుల ప్రకారం ఏదో ఒకటి తెరచి ఉంటుంది. ఏది తెరచి ఉన్నదో మూసిన దుకాణం తలుపుమీద అంటించి ఉంచుతారు. పెద్ద ఆసుపత్రులు హెరాక్లియోన్, ఖనియా, రెథిమ్నోలలో ఉన్నాయి. దక్షిణ తీరపు పల్లెనుండి అక్కడికి కొండదారిలో గంటలు పడుతుంది. గుండెజబ్బు గలవారిని తీసుకొనిపోయేవారు బసను ఉత్తర తీరాన, పట్టణానికి చేరువలో చూసుకోవడం వివేకం.

వైద్యుని ఎదుట భాష చిక్కు ఒకటి ఉంది. గ్రీకులో అవునంటే నే. మన చెవికి అది కాదన్నట్లు వినిపిస్తుంది. కాదనడానికి ఓహి అంటారు, లేదా తల పైకెత్తి నాలుక చప్పరిస్తారు. మనవారి తలాడింపు వారికి అర్థం కాదు. నర్సు ఏదైనా మందు పడదా అని అడిగినప్పుడు తల ఊపక, ఇంగ్లీషులో ఎస్ లేక నో అని స్పష్టంగా చెప్పాలి. నీరు మాత్రం సులభం. గ్రీకులో నెరో. చుట్టరికం ఉన్నట్లనిపించినా లేదు. తాజా అనే అర్థమున్న ప్రాచీన గ్రీకు పదంనుండి అది పుట్టింది. దప్పికగొన్న పెద్దావిడ అచ్చ తెలుగులో నీరు అని అడిగినా గ్లాసు వచ్చే అవకాశం ఉంది.

తిండి, నీరు

క్రీట్ పట్టణాలలో కుళాయినీరు సాధారణంగా తాగదగినదే. పొట్టలు సున్నితమైనవారు, శాంతోరిని వంటి చిన్న ద్వీపాలకు వెళ్లేవారు సీసానీరు వాడతారు. శాకాహారులకు అక్కడ కరవు లేదు. నిస్తీసిమో అనే మాట గుర్తుంచుకుంటే చాలు. క్రైస్తవుల ఉపవాస దినాలలో తినే, మాంసమూ పాలూ గుడ్లూ లేని వంటకు ఆ పేరు. అయితే ఉపవాసంలో నత్తలు, రొయ్యలవంటివి వారికి నిషిద్ధం కావు గనుక, అవి వద్దని విడిగా చెప్పాలి. ఆగస్టు 1 నుండి 14 వరకు ఉపవాసకాలం కాబట్టి ఆ వంటలు అప్పుడు సులభంగా దొరుకుతాయి.

భోజనమయ్యాక హోటలువారు చిన్న సీసాలో నీటివంటి తేట ద్రవం ఉచితంగా తెచ్చిపెడతారు. అది నీరు కాదు, ద్రాక్షపిప్పినుండి దించిన రకీ అనే ఘాటైన సారా. దానిని త్సికూదియా అని కూడా అంటారు. పక్కనే పిల్లల గ్లాసులుంటాయి. వెంటనే పక్కకు జరపాలి. వసంతకాలంలో రకీతోపాటు పచ్చి కూకియా గింజలు పెడతారు. ఇవి చిక్కుడుజాతి పెద్ద గింజలు. జి6పీడీ లోపం ఉన్నవారు వీటిని తింటే రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయి. ఈ లోపం భారతదేశంలోనూ కొన్ని సమూహాలలో ఉంది. పుట్టినప్పుడో, మలేరియా మందు వాడినప్పుడో డాక్టరు ఆ మాట చెప్పి ఉంటే మరువరాదు. గ్రీకు హోటళ్లలో ఫావా అనే పేరుతో ఇచ్చే పసుపుపచ్చని పప్పుముద్ద మాత్రం సాధారణంగా ఈ గింజలతో చేసినది కాదు.

మరుగుదొడ్లలో కాగితం గొట్టంలో వేయరాదు, పక్కనున్న బుట్టలో వేయాలి, గొట్టాలు సన్ననివి. నీటి అలవాటున్నవారు చిన్న ప్లాస్టిక్ చెంబు పెట్టెలో పెట్టుకుంటే వారంరోజులు సుఖం.

మంటలు, భూకంపం, పడవ

2023 జులైలో రోడ్స్ ద్వీపంలో అడవి మంటలవల్ల సుమారు 19,000 మందిని ఖాళీ చేయించారు. 2025 జులైలో క్రీట్‌లోనే యెరాపెత్ర ప్రాంతంలో వేలమంది హోటళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. ఇటువంటప్పుడు 112 పేరుతో ఆ ప్రాంతంలోని ఫోనులన్నింటికీ పెద్ద మోతతో గ్రీకు, ఇంగ్లీషు భాషలలో హెచ్చరిక వస్తుంది. మోతకు భయపడి ఆపివేయక, ఏ వైపు వెళ్లమన్నదో చదివి వెళ్లాలి. పాస్‌పోర్టు, మందులు ఒకే సంచిలో ఉంటే సామాను సర్దే పని ఉండదు. క్రీట్ భూకంపాల సీమ కూడా. 2021 సెప్టెంబరు 27న అర్కలోఖోరి పరిసరాలలో వచ్చిన కంపానికి ఒకరు మరణించారు, ఇళ్లు కూలాయి. సముద్రపుటొడ్డున ఉండగా నేల బలంగా, చాలాసేపు కంపిస్తే హెచ్చరికకై ఎదురుచూడక ఎత్తైన చోటికి నడవాలి.

క్రీట్‌నుండి శాంతోరినికి పడవలో పోయి రావడం చాలామంది చేసే ప్రయాణం. మెల్తెమి గాలి ముదిరితే పడవలను అధికారులు ఆపివేస్తారు, ఒకరోజో రెండురోజులో. బతిమాలినా లాభం లేదు, ఆపడమే మంచిది. తిరుగు విమానం ఉన్ననాడు ఉదయం పడవ దిగుదామనుకొనేవారు విమానాన్ని పోగొట్టుకుంటారు. చివరి రెండు రాత్రులు హెరాక్లియోన్‌లోనో, ఖనియాలోనో గడపడానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. రోజువారీ మందులు కూడా లెక్కకు నాలుగైదు రోజులకు ఎక్కువే ఉంచుకోవాలి.